రాళ్లపాడు కేక పందెం

రాళ్లపాడులో మద్దిలేటి అనే రథం పనివాడు ఉండేవాడు. అతనికి మాట తక్కువ అనే మహాలోపం ఒకటుందని ఊరంతా కలిసి తీర్మానించింది. అలాగని అతను మూగవాడు కాదు. అడిగితే జవాబు చెప్పేవాడు. కాకపోతే అడిగిన సంగతిని ముందు తలలో అటూ ఇటూ తిప్పి చూసేవాడు. ఈలోగా అడిగినవాడు ఇంటికి వెళ్లి, భోంచేసి, ఒక కునుకు తీసి తిరిగి వచ్చేవాడు. అప్పుడు మద్దిలేటి "అవును" అనేవాడు.

ఇక ఆ ఊరి సంగతి వినండి. రాళ్లపాడులో పిల్లలు పుట్టగానే ఏడవరు, కేక వేస్తారు. అక్కడ సంతలో వంకాయలు బేరమాడుతుంటే పక్క ఊరివాళ్లు యుద్ధం వచ్చిందనుకుని తలుపులు వేసుకునేవాళ్లు. అలాంటి ఊళ్లో నోరు మూసుకుని ఆలోచించే మనిషి అంటే కొమ్ములు మొలిచిన కోడి కింద లెక్క! ఒకడు "పొగరు" అన్నాడు. ఇంకొకడు "పిరికి" అన్నాడు. పెళ్లిళ్లలో మూల కూర్చుంటాడని "మనుషులంటే గిట్టదు" అన్నారు. తండ్రి పోయినప్పుడు గుండెలు బాదుకోలేదని "అది గుండె కాదు, బండ" అన్నారు. తండ్రి ఖాళీ మంచం కంటబడుతుందని అతను చాలా కాలం గోడ వైపు తిరిగి అన్నం తిన్నాడు. ఆ సంగతి భార్య సుంకులమ్మ ఒక్కదానికే తెలుసు.

ఆ ఊరి చెన్నకేశవస్వామి రథం గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. కలశం మీద కూర్చున్న కాకికి పక్క జిల్లాలో కురిసే వాన కనబడేది. మేఘాలు దాన్ని చూసి పక్కకు తప్పుకునేవి. తాడు ఏనుగు తొండమంత లావు. దాన్ని లాగడానికి ఊరు చాలక కొత్త అల్లుళ్లను కూడా పిలిపించేవాళ్లు. ఇంతమంది లాగే రథాన్ని ఆపాలన్నా, పక్కకు తిప్పాలన్నా చక్రం కింద చెక్క వేసే మనిషి ఒక్కడే. చక్రం దొర్లుతుండగానే వంగాలి. సరైన చోట చెక్క జారవిడవాలి. చెయ్యి నలగకముందే వెనక్కు తీసుకోవాలి. మద్దిలేటి తాత ఆ పని చేశాడు, తండ్రి చేశాడు. తండ్రి పక్కన వంగి వంగి మద్దిలేటి నేర్చుకున్నాడు. ఈ లోకంలో అతను కోరుకున్నది ఆ చెక్క ఒక్కటే.

కానీ చెక్క పట్టాలంటే కేక పందెం గెలవాలి. అది ఆ ఊరి ఆచారం. ఉత్సవానికి ముందు రోజు, చెక్క కోరేవాడు రథం చక్రం పక్కన నిలబడి "ఆపండప్పో!" అని కేక వేయాలి. తాడు కొసన నిలబడ్డ రథం పెద్ద నరసింగప్పకు అది వినబడితే ఆయన తువ్వాలు ఎత్తుతాడు. ఉత్సవం రోజు ఆ కేక విని లాగేవాళ్లు ఆగితేనే చెక్క నిలుస్తుందని లెక్క. మద్దిలేటి తండ్రి కేక వేసిన రోజుల్లో గోపురం మీది పావురాలు లేచిపోయి, మళ్లీ ఏడాదికి గానీ దిగేవి కావట.

తండ్రి పోయిన ఏడాది పందేనికి ఇద్దరు నిలబడ్డారు. ఒకడు మద్దిలేటి, రెండోవాడు ఈరన్న. ఈరన్న మంచివాడే. కాకపోతే దేవుడు నలుగురికి చేసిన గొంతు పొరపాటున అతనికి ఒక్కడికే ఇచ్చేశాడు. అతను కేక వేశాడు. సంతలో గుమ్మడికాయలు పగిలాయి. బర్రెల పొదుగులోనే పాలు పెరుగయ్యాయి. తాడు కొసన నరసింగప్ప తువ్వాలు ఎత్తడమే కాదు, చెవులు మూసుకున్నాడు.

తరువాత మద్దిలేటి వంతు. అతను చక్రం పక్కన నిలబడి వీధి ఆ చివర నుంచి ఈ చివరకు చూశాడు. కేక వేయలేదు. నరసింగప్ప విసుగుపుట్టి తనే రథం దగ్గరకు నడిచి వచ్చాడు.

"ఏమప్పా, నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా?"

"పెద్దాయనా, వీధి ఖాళీగా ఉంది" అన్నాడు మద్దిలేటి.

"ఉంటే?"

"రేపు ఉండదు. డప్పులుంటాయి. జనముంటారు. ఖాళీ వీధిలో వినబడిన కేక రేపు వినబడదు. తాడు పొడుగునా మనుషుల్ని నిలబెట్టి చేతికి ఎర్రగుడ్డలు ఇద్దాం. చక్రం దగ్గర నేను చెయ్యెత్తితే ఒకరిని చూసి ఒకరు గుడ్డ ఎత్తుతారు."

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

"దేవుడి రథానికి గుడ్డలూపుతాడంట! ఇదేమన్నా రైలుబండా?"

"గొంతు లేనోడికి ఉపాయాలెక్కువ!"

"ఇట్లాటోడికి చెక్క ఇస్తే, చక్రం కింద పెట్టాలా వద్దా అని తెల్లారేదాకా ఆలోచిస్తాడు!"

నరసింగప్ప కూడా నవ్వి, తండ్రీ తాతా పట్టిన ఆ చెక్కను ఈరన్న చేతిలో పెట్టాడు.

ఇంటికి రాగానే సుంకులమ్మ అందుకుంది. "ఒక్క కేక వేస్తే నీ సొమ్మేం పోయేదయ్యా? రోజూ ఇంట్లో నేను వేసేవాటిలో ఒకటి అప్పిస్తును కదా!"

మద్దిలేటి చాలాసేపు ఆలోచించాడు. "వేయగలను. కానీ వేస్తే, గొంతును బట్టే మనిషని నేనూ ఒప్పుకున్నట్టు."

సుంకులమ్మ అతని ముందు కంచం పెట్టింది. "అయితే వేయొద్దులే" అంది. ఆమె అంత చిన్న గొంతుతో మాట్లాడటం అదే మొదలు.

మర్నాడు పొద్దున్నే ఊరంతా వీధులు ఊడ్చి, బిందెలతో నీళ్లు చల్లి, ముగ్గులు వేశారు. మద్దిలేటికి చెక్క లేదు. అయినా అలవాటు ప్రకారం రథం నడిచే దారి మొత్తం నడిచి చూశాడు. అంగళ్ల వీధి మలుపు దగ్గర ఆగిపోయాడు. వీధి అంతటా చల్లిన నీళ్లు మడుగు కట్టి మెరుస్తున్నాయి. మలుపులో ఎడమ పక్క మాత్రం, చల్లిన నీళ్లు చల్లినట్టే నేల తాగేస్తోంది. నీళ్ల పైపు కోసం అక్కడ తవ్విన గుంత పొడుగ్గా సాగి ఉండేది. ఉత్సవం వస్తోందని హడావుడిగా మట్టి తోసి, పైన చదును చేసేశారు. దాని మీద ఎవరో తామరపువ్వు ముగ్గు కూడా వేశారు.

అతను నేరుగా నరసింగప్ప దగ్గరకు వెళ్లాడు.

"పెద్దాయనా, మలుపులో ఎడమ పక్క నేల గుల్ల. రథం కుడి పక్కకు పట్టి నడపాలి. లేదంటే పడుతుంది."

నరసింగప్ప అతన్ని ఎగాదిగా చూశాడు. "రథం పడుతుందని చెప్తాండావు. అదీ ఉప్పు అయిపోయిందన్నంత మెల్లగా! నిజమే అయితే గుండెలు బాదుకుంటా రావా?"

"బాదుకుంటే నేల గట్టిపడుతుందా?"

ఈ మాట విని ఈరన్న ఉత్సాహంగా పరుగెత్తి, ముగ్గు మీద ఎగిరి దూకాడు. ఒకసారి కాదు, గంగిరెద్దులాగా గంతులు వేశాడు. "చూడన్నా! దిగిందా?"

"నువ్వు రథం కాదు కదా ఈరన్నా" అన్నాడు మద్దిలేటి.

"చెక్క దక్కలేదని కడుపుమంట" అన్నాడు నరసింగప్ప, అందరికీ వినబడేలా. అంతే, ఆ మాట గాలి కంటే ముందు ఊరంతా తిరిగివచ్చింది.

మద్దిలేటి భార్యతో జరిగింది చెప్పాడు. మలుపులో ఎడమ పక్క అంగళ్ల అరుగుల మీద ఏటా ముసలివాళ్లూ, హారతి పళ్లాలతో ఆడవాళ్లూ నిలబడతారు. సుంకులమ్మ వెంటనే కొంగు బిగించింది. "వాళ్లను నేను జరుపుతా. అరిచేపని నాకు వదిలెయ్. నువ్వు నీ పని చూడు."

అతని పని ఏమిటి? మద్దిలేటి తల వంచుకుని లెక్క వేసుకున్నాడు. అంతమంది లాగుతున్నంతసేపూ చెక్క రథాన్ని ఆపలేదు, నలిగిపోతుంది. రథాన్ని కదిలించేది చక్రం కాదు, తాడు. కాబట్టి ఆపాల్సిన చోటు తాడు కొస. రథం కదలగానే అతను తాడు కొసకు ముందు నడుస్తూ, వెనక్కు తిరిగి కలశం వైపు చూస్తూ ఉన్నాడు. దేవుడికి వీపు చూపించకుండా వెనక్కి నడుస్తున్నాడని నలుగురు మెచ్చుకున్నారు. దేవుడిని చూసి నోరారా గోవిందా అనడం లేదని మరో నలుగురు తిట్టుకున్నారు.

రథం సాగింది. డప్పుల మోతకు ఇళ్ల పెంకులు లేచి మళ్లీ వాటి చోట్లలోనే పడుతున్నాయి. జనం గోవిందలు కొడుతుంటే దుమ్ము కూడా వింటూ గాలిలో ఆగిపోయింది. రథం అంగళ్ల వీధి మలుపు తిరిగింది. తిరిగి, గుంత అంచున మెత్తటి నేలలో ఎడమ చక్రం కుంగి, నెమ్మదిగా ఎడమ పక్కకు ఒరగడం మొదలుపెట్టింది.

ఈరన్న అది చూశాడు. వంగి చెక్క వేశాడు. చెక్క పిడకలాగా చిట్లింది. ఇంకోటి వేశాడు. అదీ చిట్లింది. అప్పుడు నిటారుగా నిలబడి, పందెంలో వేసినదానికి పదింతల కేక వేశాడు. "ఆపండప్పో!"

ఎవరికి వినబడింది? వెనక నుంచి ఏదో పెద్ద అరుపు వచ్చిందని మాత్రమే ముందువాళ్లకు తెలిసింది. హుషారు చేస్తున్నారనుకుని ఇంకా గట్టిగా లాగారు. ఈరన్న మళ్లీ అరిచాడు. వాళ్లు మళ్లీ లాగారు. మూడో కేకకు అతని గొంతు చీలి, గాలి తప్ప ఏమీ రాలేదు.

తాడు కొస ముందు నుంచి మద్దిలేటి కలశాన్ని చూస్తున్నాడు. అది అంగడి మేడ అంచు వైపు వాలుతోంది. ఆ మేడ కింద అరుగుల దగ్గర సుంకులమ్మ ఒక ముసలామెను చంకలో పిల్లలాగా ఎత్తుకుని, మిగతావాళ్లను కాలితో తోస్తూ తిడుతోంది. ఇంకా సగం మంది అక్కడే ఉన్నారు.

మద్దిలేటి ఆగాడు. ఊరు మొత్తం ఉప్పెనలాగా తన మీదికి వస్తోంది. అతను నడివీధిలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"లేయప్పా! తొక్కిపోతాం!"

లేవలేదు.

"పిచ్చి పట్టిందా? దేవుడికి అడ్డం కూర్చుంటావా? లేయ్!"

అతను చేతులు రెండూ బార్లా చాపి, కళ్లు తెరుచుకునే కూర్చున్నాడు. లాగేవాళ్ల కాళ్లు అతని మోకాళ్లకు తగిలాయి. దుమ్ము కళ్లలో పడింది. అతని గుండె ఊరి డప్పులన్నిటి కంటే పెద్దగా కొట్టుకుంది, కానీ ఒంట్లో ఒక్క వెంట్రుక కదలలేదు. మనిషిని తొక్కి ముందుకు పోవడానికి ముందు వరసకు కాళ్లు రాలేదు. మడమలు నేలలో దిగేసి నిలబడిపోయారు. రెండో వరస వచ్చి వాళ్ల వీపుల మీద పడింది. మూడో వరస రెండోదాని మీద పడింది. అలా అలా తాడు పొడుగునా ఊరు ఊరంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. ఏనుగు తొండమంత తాడు చచ్చిన పాములాగా నేల మీద వాలింది.

రథం మూలిగింది. ఈరన్న చివరి చెక్క తోశాడు. లాగేవాళ్లు లేరు కాబట్టి ఈసారి చెక్క నిలిచింది. ఎడమ చక్రం తామరపువ్వు ముగ్గుకు బెత్తెడు దూరంలో ఆగింది.

నరసింగప్ప నిప్పులు కక్కుతూ వచ్చాడు. "అపచారం! స్వామి రథాన్ని ఆపుతావా? బతికినన్నాళ్లూ ఊరికి దూరంగా ఉన్నావు, ఇప్పుడు దేవుడికే ఎదురు తిరిగినావా?"

మద్దిలేటి లేచి దుమ్ము దులుపుకున్నాడు. చక్రం దాకా నడిచి, గడ్డపార తీసుకుని, ముగ్గు మధ్యలో నిలబెట్టి వదిలాడు. గుచ్చలేదు, వదిలాడు, అంతే. మనిషి ఎత్తు గడ్డపార తన బరువుకే దిగి దిగి, జానెడు మిగిలింది.

రాళ్లపాడులో చీమలు నడిచే చప్పుడు వినబడింది. ఆ ఊళ్లో చీమలున్న సంగతే అంతకు ముందు ఎవరికీ తెలియదు.

ఆ తరువాత ఏముంది! పూలదండ వచ్చింది. మైకు వచ్చింది. నరసింగప్ప కళ్లు తుడుచుకుని, "చూసినారా! మన మద్దిలేటి మారిపోయినాడు! ఏం తెగువప్పా! ఇన్నాళ్లకు మనలో ఒకడైనాడు! రెండు మాటలు మాట్లాడప్పా!" అంటూ మైకు చేతికిచ్చాడు.

మద్దిలేటి మైకు తిరిగి ఆయన చేతిలోనే పెట్టాడు. మామూలు గొంతుతోనే మాట్లాడాడు. ఊరు ముందుకు వంగి వినాల్సి వచ్చింది.

"నేను మారలేదు పెద్దాయనా. పొద్దున మెల్లగా చెప్పింది నేనే, ఇప్పుడు అడ్డం కూర్చుంది నేనే. పొద్దున కడుపుమంట అన్నారు, ఇప్పుడు తెగువ అంటున్నారు. మధ్యలో మారింది మీరు పెట్టే పేరే."

"అదేం మాటప్పా, నీ మంచికే కదా..."

"చెక్క పడతాను. అది మా నాయన నేర్పిన పని. కేక మాత్రం ఎప్పటికీ వేయను. ఇంకో మాట. ఇవాళ నేల గట్టిగా ఉండి, నా మాట తప్పయినా సరే, నేను ఇట్లాగే ఉండేవాణ్ణి. ఊరికి పనికొచ్చానని నా మౌనాన్ని క్షమించొద్దు. అది తప్పైతే కదా క్షమించడానికి?"

ఈరన్న ముందుకు వచ్చి ఏదో చెప్పబోయాడు. గొంతు పెగల్లేదు. సైగలు చేశాడు. చివరికి మద్దిలేటి చెయ్యి పట్టుకుని తన నెత్తిన పెట్టుకున్నాడు. "పాపం, నోరు మెదపడం లేదు, ఈరన్నకూ పొగరెక్కింది!" అని సుంకులమ్మ కేక వేసింది. జనం గొల్లున నవ్వారు. ఎక్కువగా నవ్వింది ఈరన్నే, చప్పుడు లేకుండా.

కేక పందెం ఆ ఏటితో పోయింది. మరుసటి ఏడు తాడు పొడుగునా ఎర్రగుడ్డలు లేచాయి, చక్రం దగ్గర మద్దిలేటి చెయ్యి లేచింది, రథం పెళ్లికూతురిలాగా ఒద్దికగా నడిచింది. "అయినా వాడికి పొగరేనప్పా" అనేవాళ్లు ఇద్దరు ముగ్గురు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మద్దిలేటి వాళ్లకు జవాబు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం అతనికి కనబడలేదు.

నీతి: తక్కువ మాట్లాడి ఎక్కువ ఆలోచించే మనిషికి పొగరనీ, పిరికితనమనీ, రాతిగుండె అనీ పేర్లు పెట్టకండి, మాటను గొంతుతో తూచకండి, మౌనాన్ని రోగమనుకుని మందు వేయబోకండి.