రెండో దానిమ్మపండు

తన మాటలో తప్పేముందో తెలియక దస్తగిరి మూడు వారాలుగా మథనపడుతున్నాడు.

ప్రతి గురువారం పీరుసాహెబు ఇంట్లో శిష్యులంతా చేరి దైవనామం స్మరిస్తారు. పరుపులు కుట్టే ముసలి హుస్సేనప్ప కూడా వచ్చేవాడు. వచ్చి గోడకు చేరగిలబడి, స్మరణ మొదలవగానే గురక అందుకునేవాడు. ఒకనాడు దస్తగిరికి ఒళ్లు మండింది. పదిమందిలో "పడుకునేదానికి నీకు ఇల్లు లేదా పెద్దాయనా?" అనేశాడు. ముసలాయన తువ్వాలు దులుపుకొని వెళ్లిపోయాడు. మళ్లీ గడప తొక్కలేదు.

ఆనాటి నుంచి పీరుసాహెబు ప్రతి గురువారం హుస్సేనప్ప కూర్చునే చోటు వైపు చూసి, కాసేపు ఆగి, అప్పుడు మొదలుపెడుతున్నారు. దస్తగిరికి గురువంటే ప్రాణం. ఆ చూపు అతనికి చీవాట్ల కంటే ఎక్కువ తగిలింది.

ఆ మధ్యాహ్నం ఇక ఉండబట్టలేకపోయాడు.

"నేను అబద్ధం చెప్పినానా హజరత్? ఆయన నిద్రపోలేదా?"

"పోయినాడు" అన్నారు పీరుసాహెబు. "ఆ దానిమ్మపండ్లు ఇట్లా తే. ఒకటి ఒలువు, తిందాం."

దస్తగిరి పండును పీట మీద పెట్టి కత్తితో నడిమికి ఒక్క వేటు వేశాడు. గింజలు చితికి, రసం తెల్లచొక్కా మీదికి చిమ్మింది. పీరుసాహెబుకు నవ్వాగలేదు.

"ఎవర్ని పొడిచొచ్చినావురా?"

రెండో పండు ఆయనే తీసుకున్నారు. కత్తి ముట్టలేదు. కళ్లు మూసుకుని దాన్ని రెండు చేతుల్లో మెల్లగా తిప్పారు. తర్వాత దస్తగిరి చెయ్యి పట్టి పండు మీద పెట్టారు.

"ఏముంది?"

"తొక్క."

"మళ్లా చూడు."

ఈసారి వేళ్లకు సన్నటి గట్లు తగిలాయి, పైనుంచి కిందికి.

"లోపల పొరలుండేది ఆ గట్ల కిందే" అన్నారు పీరుసాహెబు. అప్పుడు కత్తి తీసుకుని, వాటి వెంట తొక్క వరకే గీతలు గీసి, చేత్తో విరిచారు. పండు అరలు అరలుగా విచ్చుకుంది. ఒక్క గింజ చితకలేదు.

ఆ గింజలన్నీ ఒలిచి శిష్యుడి ముందుకు జరిపారు. చితికినవి తన ముందుకు లాక్కున్నారు.

"తిను నాయనా."

దస్తగిరి తినలేదు. చితకని ఆ గింజల వైపు చూస్తూ అడిగాడు.

"హుస్సేనప్ప ఎందుకట్లా నిద్రపోతాడు హజరత్?"

"దూది దుమ్ము రొమ్ములో చేరింది. రాత్రంతా దగ్గే. ఇంట్లో కన్ను మూతపడదు" అన్నారు పీరుసాహెబు. "ఇక్కడికొస్తే మూతపడుతుండె."