నత్త ఒప్పుకున్న నీళ్ళు

ఇప్పచెట్ల అడవిలో ఎలుగుబంట్లు, కోతులు, నెమళ్ళు, తాబేళ్ళు ఒకే వాగు నీళ్ళు తాగి బతికేవి. ఆ ఏడు ఎండలు మండిపోయాయి. వాగు ఎండి ఒక్క మడుగు మిగిలింది. అందులో నలభై పరిగె చేపలు బిక్కుబిక్కుమంటున్నాయి. వాన పడేదాకా వాటిని ఎలాగైనా బతికించాలి.

ఆ పని ముసలి తాబేలు బండమ్మ తలకెత్తుకుంది. పూట ఎండ, పూట నీడ పడే ఒక రాతి తొట్టిని చూసుకుంది. వాగు ఒడ్డు నుంచి మెత్తటి మన్ను వీపు మీద మోసుకొచ్చి అడుగున పరిచింది. మన్ను లేచిపోకుండా పైన ఇసక కప్పింది. నాచు తీగలు తెచ్చి ఒక్కొక్కటీ ఇసకలో నాటింది. కొండచరియలో బొట్టుబొట్టుగా కారే ఊటనీళ్ళను ఎలుగుబంటి సొరకాయ బుర్రలో పట్టి తెచ్చాడు.

"అలా కుమ్మరించకు తమ్ముడూ! మొక్కలు లేచిపోతాయి. మోదుగాకు పరిచి దానిమీద మెల్లగా పొయ్యి" అంది బండమ్మ.

ఆఖరున తొట్టిలో ఒక నత్తను వదిలింది. నత్త గబగబా గోడ ఎక్కి నీళ్ళ బయటికొచ్చి కూర్చుంది. నత్తకు గబగబా ఏమిటంటారా? ఆ నీళ్ళు దానికి అంత నచ్చలేదు మరి!

"నత్త ఒప్పుకుని అడుగున మేసేదాకా చేపల్ని వదలకూడదు. ఇది మా తాబేళ్ళ ఆచారం" అంది బండమ్మ.

అడవికి పెద్దనని తనకు తానే చెప్పుకునే చిత్రాంగుడనే నెమలి అటు వచ్చాడు. అతని తోక ఎంత పొడవో మాట అంతకంటే పొడవు.

"ఛీ ఛీ! ఏమిటీ బురద? కడిగెయ్!" అన్నాడు.

"కడగను" అంది బండమ్మ.

అడవిలో చిత్రాంగుడికి ఎదురు చెప్పినవాళ్ళు అంతవరకూ లేరు. అతనికి ఒళ్ళు మండింది. పక్కనే ఉన్న ఇంకో తొట్టిని కోతుల చేత మూడుసార్లు తోమించాడు. తెల్ల గులకరాళ్ళు పోయించాడు. పువ్వులు కోయించి వాటి మధ్య నిలబెట్టించాడు. ఊటనీళ్ళు నింపాడు. తొట్టి అద్దంలా మెరిసింది. జంతువులన్నీ అక్కడే మూగాయి.

"చేపల్ని ఇవాళే ఇందులో వదిలేద్దాం. ఆలస్యం అమృతం విషం!" అన్నాడు చిత్రాంగుడు.

"అమృతమైతే కదా నాయనా విషమయ్యేది! ఇవింకా ఉత్త నీళ్ళే" అంది బండమ్మ.

"ఈలోపు మడుగు ఎండిపోతే ఆ పాపం నీదే!"

ఆ మాట బండమ్మకు గుచ్చుకుంది. మడుగు మోకాటి లోతుకు దిగిపోయిందని ఆమెకు తెలుసు. రోజూ వెళ్ళి చూసి గుండె పట్టుకుని వస్తూనే ఉంది. అయినా వెనక్కి తగ్గలేదు. మడుగు దారికి అడ్డంగా కూర్చుంది. "వెళ్ళాలంటే నా డిప్ప మీద నుంచి నడిచి వెళ్ళండి!" అంది.

నెమలికి రెక్కలు, కోతులకు కొమ్మలు ఉన్న సంగతి పాపం ఆమె మరిచిపోయింది. వాళ్ళు పైనుంచే దాటిపోయి, ఇరవై చేపల్ని ఆకు దొప్పల్లో తెచ్చి మెరిసే తొట్టిలో వదిలారు.

మూడో రోజుకు పువ్వులు కుళ్ళాయి. చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచాయి. చిత్రాంగుడు కంగారుపడి ఉన్న నీళ్ళన్నీ పారబోయించాడు. తొట్టిని మళ్ళీ తోమించి కొత్త నీళ్ళు పోయించాడు. మర్నాడు పొద్దున్నే చూస్తే ఎనిమిది చేపలు చచ్చి తేలాయి. పైన పటారం, లోన లొటారం అంటే అదే.

బండమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే తన తొట్టి దగ్గరికి వెళ్ళింది. నాచుకు కొత్త చిగుళ్ళు వచ్చాయి. నత్త అడుగున తాపీగా మేస్తోంది.

"తమ్ముడూ, దొప్పలు పట్రా!" అని ఎలుగుబంటిని కేకేసింది.

రెండు చోట్లా బతికున్న చేపలన్నిటినీ దొప్పల్లో తెచ్చి, ఆ దొప్పల్ని బండమ్మ తొట్టిలో తేలనిచ్చారు. తొట్టి నీళ్ళు గుక్కెడు గుక్కెడు దొప్పల్లో కలిపి, చేపలు అలవాటు పడ్డాకే వదిలారు. అవి నాచులో దూరి తోకలాడించాయి. వారం తిరిగినా ఒక్కటీ చావలేదు.

అప్పుడు చిత్రాంగుడు మెల్లగా వచ్చాడు.

"బండమ్మా, చేపల్ని మనిద్దరం కలిసి కాపాడామని చెబుదాం. ఆ పోయిన ఎనిమిదీ ఎలాగూ ముసలివే కదా" అన్నాడు.

"చెప్పను" అంది బండమ్మ, అందరికీ వినబడేలా. "అవి ముసలివి కావు. నిరుడు పుట్టిన పసివి. నీ తొందర వాటిని చంపింది. ఎవరడిగినా నేను ఇదే చెబుతాను."

చిత్రాంగుడు కోతుల వైపు చూశాడు. కోతులు తలలు దించుకున్నాయి.

పది రోజులకు వాన కురిసింది. వాగు పొంగింది. చిత్రాంగుడు రాతిబండ ఎక్కి పురి విప్పి ఆడాడు. ఎంతసేపు ఆడినా ఒక్కరూ అటు తిరగలేదు. అడవి అడవంతా వాగు ఒడ్డున ఉంది. ముప్పై రెండు చేపలు దొప్పల్లోంచి ఒక్కొక్కటే వాగు నీళ్ళలోకి దూకుతుంటే కేరింతలు కొడుతోంది.

నీతి: మెరుపు చూపించి తొందరపెట్టేవాడికి లొంగకు, ప్రాణం కుదురుకోవడానికి పట్టే కాలం ఎవరు కసిరినా ఇచ్చి తీరాలి.