వడ్డాణం పెట్టుకున్న వానపాము

తాతబ్బాయి గారి ముందుగదిలో ఒక గాజు తొట్టి. అందులో కొన్ని గప్పీ చేపలు, ఒక ముసలి నత్త హాయిగా కాపురముండేవి. ఆయనకి ఉన్నట్టుండి ఏం బుద్ధి పుట్టిందో, చెరువుగట్టున ఎవరో పట్టిన కొర్రమీను పిల్లని చూసి, "అబ్బ, ఒంటిమీద ఎర్రచార భలే ఉందే!" అని ముచ్చటపడి తెచ్చి అదే తొట్టిలో వదిలారు. చేపలన్నీ ఒకటే అనుకున్నారు మహానుభావుడు!

కొర్రమీను ఎదిగింది. ఎర్రచార పోయింది, నోరు మాత్రం పెరిగింది. వేసిన మేత ముట్టదు. నాచు చాటున కదలకుండా పడుంటుంది, పక్కనుంచి గప్పీ పోయిందా, గుటుక్కు! తాతబ్బాయి గారేమో, "గప్పీలు ఎక్కడో దాక్కున్నాయిలే" అనుకుని మేత వేసి పోయేవారు.

చివరికి చుక్కమ్మ అనే గప్పీ ఒక్కతే మిగిలింది. అదీ నిండు చూలాలు.

"నేనెలాగూ పోతాను. కడుపులో పిల్లలేం పాపం చేశాయి తాతా?" అని నత్త దగ్గర బావురుమంది.

"ఏడిస్తే వాడు వదుల్తాడా? వాడి నోరెంతో ఇంటాయనకి తెలీదు. తెలిసేలా చెయ్యి," అంది నత్త.

చుక్కమ్మ కళ్ళు తుడుచుకుని నాచు దగ్గరికెళ్ళింది, మరీ దగ్గరికి కాదు.

"ఏం చుక్కమ్మా, బాగా ఒళ్ళు చేశావ్! ఇలా రా," అంది కొర్రమీను.

"వస్తానన్నా, ఈ తొట్టి దాటి ఎక్కడికి పోతాను? కానీ నేను నీ పంటి కిందికైనా వస్తానా? రోజూ పొద్దున్నే పైనుంచి లావుపాటి వానపాములు దిగుతుంటే వదిలేసి నా వెంట పడతావేంటి?"

"వానపాములా? ఎక్కడ?"

"ఐదూ కలిసే వస్తాయి. ఒకదాని నడుముకి బంగారు వడ్డాణం కూడానూ! ఆ వేళకి నువ్వు నాచులో దూరి పడుకుంటే ఎలా కనిపిస్తాయి?"

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెప్పనిచ్చావా? కనబడినవాళ్ళని కనబడినట్టే మింగుతున్నావాయె!"

చెరువులో పుట్టినదానికి వల తెలుసు గానీ, మేతపెట్టే చెయ్యి ఎలా ఉంటుందో ఏం తెలుసు? కొర్రమీనుకి నోరూరింది.

"అబద్ధమైతే మాత్రం..."

"అబద్ధమైతే నేనిక్కడే ఉంటాగా అన్నా!"

తెల్లారింది. తాతబ్బాయి గారు మూత తీసి తొట్టిలోకి చెయ్యి వంచారు. కొర్రమీను ఒక్క ఎగురు ఎగిరి బంగారు ఉంగరమున్న వేలు పట్టేసింది.

"ఓరి నాయనో!" ఆ కేకకి వీధివాళ్ళు కూడా ఉలిక్కిపడ్డారు.

భార్య సుభద్రమ్మ పరుగున వచ్చి చూసింది. "గప్పీలన్నీ ఎటు పోయాయో ఇప్పుడు తెలిసిందా? ముందు దీన్ని తీసి పెరటి నీళ్ళ కుండీలో పడెయ్యండి, మూత మర్చిపోకండి!"

చిన్న వలలో లేచిపోతూ కొర్రమీను లబలబలాడింది. "చుక్కమ్మా, అవి వానపాములు కావే!"

"అయ్యో, కావా అన్నా? మా నోటికి పట్టక మేమెప్పుడూ రుచి చూళ్ళేదు!" అంది చుక్కమ్మ.

ఆ సాయంత్రమే తొట్టినిండా కంటికి ఆనీ ఆనని పిల్లలు. వాటిని చూసి చుక్కమ్మ ఈసారి సంతోషంతో ఏడ్చింది.

నీతి: నోటికి పట్టిందల్లా మింగేవాణ్ణి, పట్టనిది చూపించే సాగనంపాలి.