ఆవలింతలో దాగిన ప్రాణం

మీ తాతల తాతలకు కూడా తాతలు పుట్టకముందు కుంభపురిలో ఒక రాజుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి కత్తి తిప్పడం వచ్చు. రెండోవాడికి విల్లు వంచడం వచ్చు. మూడోవాడు చిత్రకేతుడికి ప్రశ్నలు అడగడం ఒక్కటే వచ్చు.

ఏడు సముద్రాల అవతలి జంబుకాక్షుడనే మాంత్రికుడు నీలోత్పల అనే రాజకుమారిని ఎత్తుకుపోయి, పున్నమినాడే పెళ్ళని చాటించాడు. ఆమెను విడిపించడానికి పెద్దవాడు వెళ్ళాడు. మాంత్రికుడి ప్రాణం చిలకలో కాక ఇంకెక్కడుంటుందని పంజరంలో చిలక పీక పట్టుకున్నాడు. మాంత్రికుడు నవ్వి అతన్ని రుబ్బురోలు చేశాడు. రెండోవాడూ వెళ్ళాడు, అదే పీక పట్టుకున్నాడు. తిరగలి అయ్యాడు.

అప్పుడు చిత్రకేతుడు ఒక ముసలి తాబేలు వీపెక్కి బయల్దేరాడు. అతని ప్రశ్నలు పడలేక తాబేలు తల లోపలికి లాక్కునే ఏడు సముద్రాలూ ఈదింది.

అతను చిలక పీక పట్టుకోలేదు. దాని ముక్కుకు ఒక బాదంకాయ అందించి, మెడ ఎందుకలా వంకరపోయిందని అడిగాడు. తనను పలకరించిన మనిషి ఇన్నాళ్ళకు కనబడ్డాడని చిలక కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"వచ్చినవాడల్లా నా పీక పిసికేవాడే నాయనా. ప్రాణం నాలో లేదు. ఆయన దాన్ని ఆవలింతలో దాచుకున్నాడు. ఒక నోట్లోంచి ఇంకో నోట్లోకి పోతూనే ఉంటుంది. ఎవరికి దొరుకుతుంది?" అంది.

ఒకరు ఆవలిస్తే పక్కవాళ్ళకెందుకు వస్తుందని చిత్రకేతుడు చిన్నప్పటినుంచీ అడుగుతున్నాడు. జవాబు దొరికిన సంతోషంలో వచ్చిన పని కాసేపు మరిచేపోయాడు.

ఇంతలో మాంత్రికుడు భోంచేసి వచ్చి మంచమెక్కి ఆవలించాడు. విసనకర్ర వీస్తున్న నీలోత్పల ఆవలించింది. వాకిట్లో భటుడు నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే చిలక బాదంకాయను టక్కున కొరికింది. ఆ చప్పుడుకు భటుడి నోరు సగంలోనే మూతపడింది. మాంత్రికుడు గుండె పట్టుకున్నాడు.

స్తంభం చాటునుంచి చూస్తున్న చిత్రకేతుడికి గుట్టు తెలిసిపోయింది. తిన్నగా ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు. మాంత్రికుడు మంత్రదండం ఎత్తాడు.

"తమరు నన్ను రోకలి చేసినా సరే. ముందు తమ వంశచరిత్ర వినిపించండి," అన్నాడు చిత్రకేతుడు.

అది అడిగినవాడు అంతవరకూ లేడు. మాంత్రికుడు పొంగిపోయి ముత్తాతతో మొదలుపెట్టాడు. ముత్తాత మేనత్త దగ్గరకొచ్చేసరికి నీలోత్పలకు ఆవలింత వచ్చింది. చిత్రకేతుడు ఆమె నోటిముందు చిటికె వేశాడు. మంత్రదండం జారిపడింది. ఆవలింత బెదిరి భటుడి నోట్లో దూరబోయింది. అక్కడా చిటికె వేశాడు. మాంత్రికుడి మీసాలు ఊడిపడ్డాయి. పోవడానికి ఇంకో నోరు లేక అది చిత్రకేతుడి దగ్గరకే వచ్చింది. దవడలు వాటంతటవే తెరుచుకుంటున్నాయి, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. తన నోటిముందే మూడో చిటికె వేశాడు. మంచం మీద గుప్పెడు బూడిద మిగిలింది.

అన్నలిద్దరూ మనుషులయ్యారు. పెద్దాయన వంటినుంచి కొబ్బరి పచ్చడి వాసన పోవడానికి మాత్రం నెల పట్టింది. నీలోత్పల ఇష్టపడి చిత్రకేతుణ్ణి పెళ్ళాడింది. తండ్రి తర్వాత కుంభపురికి అతనే రాజయ్యాడు.

జనం ఆవలిస్తూ నోటిముందు చిటికె వేసుకోవడం అప్పటినుంచే. కొలువులో మంత్రులు ప్రసంగాలు మొదలుపెడితే చాలు, వడగళ్ళు పడ్డట్టు చిటికెలు వినిపించేవి. పాపం, వాళ్ళు రెండు ముక్కల్లో ముగించడం నేర్చుకున్నారు. దాంతో పనులన్నీ ఎప్పటికప్పుడు తెమిలిపోయి, ఆ రాజూ రాణీ అరవై ఏళ్ళు హాయిగా ఏలారు.