గుబురయ్య పొత్తుల పొయ్యి

అనగనగా ఒక అడవి. ఆ అడవికి గ్యాసు పైపు కూడా వచ్చింది. ఏయ్, నవ్వకండి! మన వీధికి ఇంకా రాలేదు, అడవికి వచ్చింది. ఏం చేస్తాం మరి.

అక్కడ గుబురయ్య అని ఒక ఎలుగుబంటి ఉండేవాడు. తోపుడుబండి మీద పొయ్యి, పొయ్యి మీద ఇనప జాలీ, కింద గ్యాసు బండ. ఎక్కడ సంత జరిగితే అక్కడికి తోసుకెళ్ళి మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మేవాడు. ఏటా వాగు ఒడ్డున జాతర. అందులో మొదటి పొత్తు గుబురయ్యే కాల్చి ఏనుగమ్మమ్మ తొండానికి అందించాలి. ఆవిడ తిన్నాకే అందరూ తినాలి. తాతల నాటి నుంచీ ఆ మర్యాద వాళ్ళింటిదే. గుబురయ్యకి అదంటే ప్రాణం.

ఒకరోజు సంత మధ్యలో బండ అయిపోయింది. సగం కాలిన పొత్తు పట్టుకుని కుందేళ్ళు ఒకటే గోల. గుబురయ్యకి తల కొట్టేసినట్టయింది.

ఇంటికొస్తూ తాబేలత్త బజ్జీల కొట్టు చూశాడు. ఆవిడకి పైపు గ్యాసు. తిప్పితే మంట, అయిపోయే బెంగ లేదు.

"అత్తా, నేనూ పైపు పెట్టించుకుంటా!" అన్నాడు.

"నేను కూర్చున్న చోట నుంచి లేవను అల్లుడూ. నువ్వు ఊళ్ళు తిరిగేవాడివి. నీ వెనకాల పైపు ఎవడు మోస్తాడు?" అంది తాబేలత్త.

వింటేగా! పైపు పెట్టించేశాడు. నిన్ననే వచ్చిన నిండు బండని కోతికిచ్చేశాడు. కోతి దాని మీద కూర్చుని రాజుగారిలా కాలు మీద కాలేసుకుంది.

మెకానిక్కు వడ్రంగిపిట్ట వచ్చి పొయ్యిలో గ్యాసు చిమ్మే నాజిల్ మార్చాడు. "పైపు గ్యాసు మెల్లగా వస్తుంది, అందుకని పెద్ద కన్నం పెట్టాను. బండ గ్యాసు దూకుడు, దానికి చిన్న కన్నమే ఉండాలి. మళ్ళీ బండ పెడితే ముందు నన్ను పిలు" అన్నాడు.

"అలాగే బాబాయ్, అలాగే" అన్నాడు గుబురయ్య, చెవి గోక్కుంటూ.

ఇంటి ముందు పొయ్యి భలే వెలిగింది. కొనేవాళ్ళు మాత్రం సంతలో ఉన్నారు. నలభై పొత్తులు కాల్చాడు, నలభై తనే తిన్నాడు.

ఇంతలో జాతర రానే వచ్చింది. గుబురయ్య పైపు పట్టుకుని లాగాడు. గేటు దాకా కూడా రాలేదు. జాతర జరిపించే నెమళ్ళ దగ్గరికి పరిగెత్తి, "ఈ ఏడు జాతర మా వాకిట్లో పెట్టకూడదూ?" అని బతిమాలాడు. అవి పడీ పడీ నవ్వాయి. ఇక కోతి కాళ్ళావేళ్ళా పడి బండ తెచ్చుకున్నాడు. బండి తోసుకుంటూ వాగు ఒడ్డుకి ఒకటే పరుగు.

ఏనుగమ్మమ్మ తొండం చాచి కూర్చుంది. గుబురయ్య బండ తగిలించి, జాలీ మీదికి వంగి పొయ్యి వెలిగించాడు.

భగ్గుమంది! మంట చింతకొమ్మ దాకా లేచింది. పొత్తు బొగ్గయింది. గుబురయ్య మీసాలు మాడిపోయాయి. పైనుంచి వడ్రంగిపిట్ట, "కట్టెయ్, కట్టెయ్! చెప్పానా లేదా!" అని అరిచాడు. గుబురయ్య గబగబా కట్టేశాడు.

ఏనుగమ్మమ్మ ఆ బొగ్గు ముక్కని అటూ ఇటూ తిప్పి, "ఇది పొత్తా నాయనా, నీ మీసమా?" అంది.

ఆకలికి ఆగలేక పిల్లలు ఏడుస్తున్నారు. పక్కనే నక్క ఉడకేసిన పొత్తులు అమ్ముతోంది. చేసేదిలేక ఏనుగమ్మమ్మ మొదటి పొత్తు దాని చేతి నుంచే తీసుకుంది. గుబురయ్యకి గుండె కలుక్కుమంది. ఆకలేసి తనూ నక్క ముందు వరసలో నిలబడ్డాడు. ఆ పొత్తుకి ఉప్పు కూడా లేదు పాపం!

వారం తిరిగేసరికి గుబురయ్య మళ్ళీ సంతకొచ్చాడు. పొయ్యికి చిన్న కన్నం నాజిల్, బండి కింద ఒకటి కాదు, రెండు బండలు. ఏనుగమ్మమ్మ వచ్చి ఎర్రగా కాలిన పొత్తు నమిలి, "బాగుందిరా. వచ్చే జాతరకి రా. ఈలోగా మీసాలు పెంచుకో" అంది.

నీతి: పక్కవాళ్ళకి కుదిరిందని కాదు, మన పనికి ఏది కుదురుతుందో చూసి ఎంచుకోవాలి. తెలిసినవాళ్ళు చెప్పేటప్పుడు చెవి గోక్కోకూడదు.