ఎరువు మంద

ఒకానొక రాజ్యంలో పాలు తోడుకోవడం మానేశాయి.

అప్పటికింకా ఆవులు పాలిస్తూనే ఉన్నాయి. ఆడవాళ్లు పాలు కాస్తూనే ఉన్నారు. తోడు వెయ్యడానికి మాత్రం చెంచాడు మజ్జిగ ఉండేది కాదు. ఇంట్లో మజ్జిగ అయిపోతే మనం ఏం చేస్తాం? చిన్న గిన్నె పట్టుకుని పక్కింటికి వెళతాం. ఆ రాజ్యంలో అలా వెళ్లినవాళ్లకు కొరడా దెబ్బలు పడేవి. పక్కింటి మజ్జిగ ఎరువు కిందికి వస్తుంది. ఎరువును రాజుగారు నిషేధించారు.

ఇక్కడ కాస్త ఆగాలి. ఎరువంటే పొలంలో వేసేదని అందరికీ తెలుసు. మా అమ్మ కాలంలో ఆ మాటకు ఇంకో అర్థం కూడా వాడుకలో ఉండేది. వాడుకుని తిరిగి ఇచ్చేస్తామని తెచ్చుకున్న వస్తువును ఎరువు అనేవారు. పెళ్లికి వెళుతూ పక్కింటి కాసులపేరు అడిగి వేసుకుంటే అది ఎరువు నగ. 'ఎరువు సొమ్ము బరువు చేటు' అన్న సామెత పేడ గురించి పుట్టలేదు. నేను కాలేజీలో చదివింది రసాయన శాస్త్రం. అక్కడ మొదటి ఎరువు గురించి ఏడాదంతా చెప్పారు, నత్రజని అనీ భాస్వరం అనీ. అందులో చాలామటుకు మరిచిపోయాను. రెండో ఎరువు గురించి మా అమ్మ ఒక్కసారే చెప్పింది. అది గుర్తుంది.

ఆ రాజు పేరు గంభీరభూపాలుడు. ఆయన బిరుదులన్నీ చదివి ముగించేలోపు కందిపప్పు ఉడికిపోతుందని వంటశాలలో చెప్పుకునేవారు. ఏరు దాటితే వేరే రాజ్యం. ఆ రాజుగారి ఇంట పెళ్లికి గంభీరభూపాలుడు సకుటుంబంగా వెళ్లాడు. రాణిగారి మెడలో పచ్చల హారం ఉంది. పెళ్లివారి ముసలమ్మ ఒకావిడ, చూపు ఆనదు పాపం, ఆ హారాన్ని చేతిలోకి తీసుకుని తడిమి చూసింది.

"బాగుందమ్మా. ఎరువు నగా?" అంది.

చెవుడు కూడా ఉన్నట్టుంది, గట్టిగా అంది. పందిరంతా విన్నది.

హారం సొంతమే. కాని ఆ మాట ఎవరికని చెప్పుకుంటాం? గంభీరభూపాలుడు భోజనం ముట్టకుండా తిరిగి వచ్చి ఆజ్ఞ ఇచ్చాడు. తన రాజ్యంలో ఎరువు ఇచ్చినా, ఎరువు తెచ్చినా శిక్షే. దండోరా వేసేవాడు ఊరూరా తిరిగాడు. డప్పు దరువుకు ఒక మాట తక్కువైందని, వాడు తనంతట తానే ఒకటి కలిపాడంటారు. "ఎరువు ఇచ్చినా, ఎరువు తెచ్చినా, ఎరువు వేసినా కొరడా దెబ్బలహో" అని చాటాడు.

పట్నం వాళ్లు పక్కింటికి గిన్నె పట్టుకెళ్లడం మానేశారు. పల్లె వాళ్లు పేడ ఎత్తిపొయ్యడం మానేశారు.

పొరపాటు జరిగిందని ఎవరో సభలో విన్నవించారు. రాజు కనుబొమలు ముడిచాడు. పొరపాటు అన్న మాట ఆయన ముందు ఎవరూ వాడరు. అప్పుడు ఆస్థాన పండితుడు శబ్దకేసరి కేశవావధానులు లేచి, "మహాప్రభూ, రాజవాక్కులో పొరపాటు ఉండదు. ఆ శబ్దానికి రెండర్థాలున్నాయి. కాబట్టి రెండూ నిషేధమే" అన్నాడు. రాజుగారికి ఆ వ్యాఖ్యానం నచ్చింది. అవధానులుకు శాలువా కప్పారు.

ఆ శాలువా ఖరీదు ఎవరు చెల్లించారో చెబుతాను.

ఏటి ఒడ్డున రాజుగారి బీడు ఉండేది. నడిచిపోతే పొద్దు వాలేంత పెద్దది. గరిక, చెంగలిగడ్డి మోకాలి లోతు పెరిగేవి. రాజుగారి ఆవులూ గొల్లల ఆవులూ అక్కడే మేసేవి. సాయంత్రం కాగానే గొల్లలు మందను ఒక్కచోట చేర్చి కట్టేవారు. ఈ వారం ఈ మూల, వచ్చే వారం ఆ మూల. మంద పడుకున్న చోట పేడా పంచితమూ నేలకు దిగేవి. ఆవుకు ఒక గుణం ఉంది. తన పేడ పక్కన మొలిచిన గడ్డిని కొంతకాలం ముట్టుకోదు. అది రోతో, మర్యాదో, దానికే తెలియాలి. ఆ కొంతకాలంలో అక్కడి గడ్డి దుబ్బు కట్టి లేస్తుంది. మంద తిరిగి ఆ మూలకు వచ్చేసరికి వడ్డించిన విస్తరిలా ఉంటుంది. మా వైపు రైతులు గొర్రెల మందను తమ పొలంలో కట్టమని గొల్లలను బతిమాలుకునేవారు. వండిపెట్టేవారు కూడా. ఇప్పుడు ఎరువు బస్తాలు వచ్చాక ఆ బతిమాలడం పోయింది.

నిషేధం వచ్చాక భటులు రోజూ బీటిలో పేడ ఎత్తి ఏట్లో పారబోసేవారు. మందలు కట్టడం ఆపించారు. ఏట్లో కొట్టుకుపోయిన పేడ అవతలి ఒడ్డుకు చేరేది. అవతలి ఒడ్డు ఏడాదికేడాది పచ్చబడింది.

ఇవతల మొదటి వానాకాలం గడ్డి మోకాలి నుంచి చీలమండకు దిగింది. రెండో వానాకాలం అదీ లేదు. పాలుగారే గరిక పోయి, పశువు నోరు పెడితే చీరుకుపోయే ముల్లుగడ్డి అక్కడక్కడా లేచింది. మిగతాదంతా ఎర్రమట్టి. గాలి వీస్తే కోట గోడల దాకా దుమ్ము లేచేది. గొల్లలు ఒక్కొక్కరే మందలను తోలుకుని ఏరు దాటిపోయారు. అక్కడే గుడిసెలు వేసుకున్నారు.

రాజుగారి కొలువులో పెంటయ్య అని ఒక చమత్కారి ఉండేవాడు. ఆ పేరుకు నవ్వకండి. తల్లికి అంతకుముందు పుట్టిన పిల్లలు దక్కలేదు. వీడు పుట్టగానే ఊరి పెంటకుప్ప మీద పడుకోబెట్టారు. చావుకు కూడా రోత పుట్టి వదిలేస్తుందని నమ్మకం. ఎవరో ఒకరు కుప్ప మీది నుంచి ఎత్తుకుని, తల్లి దగ్గర దోసెడు తవుడు పుచ్చుకుని, బిడ్డను ఆమెకు అమ్మాలి. అలా ఎత్తుకున్నది కాటమ్మ అనే గొల్లామె. పెంటయ్య ఆమెను అత్తా అని పిలిచేవాడు. సభలో ఎంత పెద్దవాణ్ణి నవ్వించినా, ఇంటికి వెళ్లేటప్పుడు ఆమె దొడ్డి మీదుగానే వెళ్లేవాడు.

ఒకరోజు అతను వెళ్లేసరికి కాటమ్మ మంద బయలుదేరి ఉంది.

"ఎక్కడికత్తా?"

"రేవుకి. అవతల మా మేనమామ వరసాయన ఉన్నాడు. ఆయనకి అప్పజెప్పేస్తా. ఎవరి దొడ్లో ఉన్నా బతికితే చాలు."

"నువ్వూ వెళ్లిపోతావా?"

"మచ్చావు నడవలేదురా. దాన్ని ఒదిలి ఎట్టా పోను?"

మచ్చావు గోడకు చేరబడి నిలబడి ఉంది. డొక్కలు లోపలికి పోయి, చర్మం మీద ఈగ వాలితే తోక కూడా ఆడించడం లేదు.

"కొన్నాళ్లు ఓపిక పట్టు. రాజుగారికి నేను చెబుతాను" అన్నాడు పెంటయ్య.

"నువ్వు చెబుతావు. ఆయన నవ్వుతాడు. ఆయన నవ్వితే గడ్డి మొలుస్తుందంట్రా?"

ఆమె ఒక్కొక్క ఆవునూ పేరు పెట్టి పిలుస్తూ రేవు వైపు తోలుకుపోయింది. అవి మామూలుగా మేతకు పోతున్నామనుకుని బయలుదేరాయి.

మర్నాడు సభ నిండుగా ఉంది. పెంటయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, తమ రాజ్యంలో ఎరువు తీసుకున్నవాడొకడు తిరుగుతున్నాడు."

"ఎవడు వాడు?" అన్నాడు రాజు.

"పేరు చెప్పాలంటే నోరు రావడం లేదు. ముందు గోడు వినండి. ఏటి ఒడ్డున ఒక ముసలమ్మ ఉంది. ఏటేటా వానలకు ఒక పచ్చపట్టు చీర నేస్తుంది. ఒకాయన ఆ చీర ఎరువు తీసుకుంటాడు. ఇంటిల్లిపాదీ వాడుకుంటారు. వాడుకున్నాక, మాసినదో చిరిగినదో, తిరిగి ఆమె ఒళ్లో పడేసేవారు. ఆమె దాని దారమే విప్పుకుని మళ్లీ ఏడాది నేసేది."

"ఊఁ. తరువాత?"

"ఇప్పుడు ఆయన తిరిగి ఇవ్వడం మానేశాడు. పైగా ఆ పాతచీరలు తీసుకెళ్లి ఏట్లో పారేస్తున్నాడు. ముసలమ్మ దగ్గర దారం లేదు. ఒంటి మీద గుడ్డ లేకుండా ఎండలో పడి ఉంది."

రాజుకు ఆ పెళ్లి పందిరి గుర్తొచ్చినట్టుంది, ముఖం కందింది. "ఎరువు తీసుకున్నదే తప్పు. తిరిగి ఇవ్వకపోవడం మరీ నీచం. వాడు తీసుకున్నదంతా తన నెత్తిన మోసుకెళ్లి ఆ ముసలిదాని ముందు పెట్టాలి. వాడు ఎంతటివాడైనా సరే. ఇది మా ఆజ్ఞ."

పెంటయ్య కేశవావధానులు వైపు తిరిగాడు. "అయ్యా, రాజవాక్కులో పొరపాటు ఉండదు కదండీ?"

"ఉండదు. శాస్త్రం ఒప్పదు" అన్నాడు అవధానులు శాలువా సర్దుకుంటూ.

"అయితే చెబుతాను. ముసలమ్మ పేరు బీడు. చీర పేరు గడ్డి. ఎరువు తీసుకున్న ఇల్లు తమ గోశాల, ప్రభూ. మాసిన చీర పేరు ఈ సభలో పలకకూడదు. నా పేరులో ఉంది, దాంతో సరిపెట్టుకోండి."

అవధానులే ముందు తేరుకున్నాడు.

"ఇది కుతర్కం. గడ్డి భూమాత చేసే దానం. దానం ఎరువెలా అవుతుంది?"

"దానమైతే ఏటా ఇచ్చేది కదండీ, అవధానులుగారూ. తిరిగి ఇవ్వకపోయేసరికి ఆపేసింది. ఆపేసిందంటే ఎరువే. తెలుగువాళ్లు ఒకే మాట రెండింటికీ ఎందుకు పెట్టుకున్నారో నిఘంటువులో ఉందేమో చూడండి. నాకైతే బీటిలో కనబడింది."

కొరడా పట్టుకున్న భటుడు ఎటు చూడాలో తెలియక నేల చూశాడు. తరువాత రాజుగారి భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని గ్రహించడానికి సభకు కొంత సమయం పట్టింది. గ్రహించాక అందరూ నవ్వారు. అవధానులు అందరికంటే గట్టిగా నవ్వాడు.

నిషేధం ఎత్తేశారు, రెండర్థాలకూ. ఆ సాయంత్రం పట్నంలో గిన్నెలు చేతులు మారాయి. రాజుగారు మాట తప్పేవారు కాదు. పట్టుబట్టతో, నెత్తిన తట్టతో, పైన వెల్లగొడుగుతో బీటికి నడిచి వెళ్లారు. కాని ఆ తట్టలో ఉన్నది మూడు పిడకలకు సరిపోదు. గోశాలలో మిగిలిన వట్టిపోయిన ఆవులు వేసే పేడ గోశాల అలకడానికే చాలేది కాదు. రాజ్యంలో మరో మంద లేదు. ఎరువు వెయ్యమని ఆజ్ఞ ఇస్తే సరిపోతుందా? వేసేవి ఉండాలి కదా.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు రాజు.

"వానలకు ముందు బీటిలో మంద కట్టించాలి ప్రభూ. అవతలి రాజ్యం నుంచి తెచ్చుకోవాలి."

"ఎరువుకా?"

పెంటయ్య తల వంచుకున్నాడు.

గంభీరభూపాలుడు అది కూడా చేశాడు. ఈ కథలో ఆయన మీద నాకు జాలి కలిగే చోటు అదొక్కటే. స్వయంగా ఏరు దాటి వెళ్లి అడిగాడు. వాళ్లు తొలకరి దాకా గడువు పెట్టి సంతోషంగా ఒప్పుకున్నారు. పెళ్లిలో హారం తడిమిన ఆ ముసలమ్మ వసారాలో కూర్చునే ఉందట. "ఎరువు మందా?" అని అడిగిందట, అంతే గట్టిగా.

మంద రేవు దాటి వస్తుంటే కాటమ్మ ఒడ్డున నిలబడింది. ముందు నడుస్తున్నది ఆమె పెద్దావు. వెనక వస్తున్నవి పక్కగుడిసెల వాళ్లవి. ఆ మందలో అవతలి రాజ్యంలో పుట్టిన పశువు ఒక్కటీ లేదు. ఆమె పేర్లు పెట్టి పిలిచింది. అవి తలలు తిప్పి చూశాయి. తోలేవాళ్లు మాత్రం అవతలి రాజు ముద్ర ఉన్న తలపాగాలు చుట్టుకుని ఉన్నారు.

ఆ వేసవంతా అవతలి నుంచి పడవల్లో వచ్చిన మేత తిని, మంద మూల మూలకూ మారుతూ బీటిలో పడుకుంది. కాటమ్మ రోజూ వెళ్లి వాటి మెడ కింది గంగడోళ్లు నిమిరి వచ్చేది. ఆ మేత మందకు కొలిచి పంపింది; మచ్చావు ప్రాణం తొలకరి దాకా ఆగలేదు. గోశాల ఆవులూ ఆగలేదు. వానలు పడి ఎర్రమట్టి మీద పచ్చని నూగు కనబడగానే, అవతలి నుంచి గడువు గుర్తుచేస్తూ కబురు వచ్చింది.

పెంటయ్య రాజుగారి దగ్గరకు పరుగెత్తాడు. "ప్రభూ, ఆ మంద మనదే. ఉంచేసుకోండి."

"మాట తప్పమంటావా?"

"పోనీ కొనండి."

"అడిగించాను. అమ్మరట. ఎరువుకైతే ఎన్నిసార్లైనా ఇస్తారట."

"గొల్లలను తిరిగి రమ్మనండి."

"అదీ అడిగించాను. ఈ ఏటి ఆజ్ఞ పైయేటికి ఉంటుందో లేదో, మేము రామని అన్నారు." రాజు అతని వైపు వంగాడు. "ఎరువు తీసుకున్నది తిరిగి ఇవ్వకపోతే ఏమవుతుందో నిండు సభలో చెప్పింది నువ్వే కదయ్యా."

అలా అని, తన మాట తనకే బాగా నచ్చి, గంభీరభూపాలుడు పకపకా నవ్వాడు. పెంటయ్యను నోరెత్తకుండా చేసింది జీవితంలో అదొక్కసారే కాబట్టి నవ్వు చాలాసేపు ఆగలేదు. ఆ సంతోషంలో బహుమానం కూడా ప్రకటించాడు. ఏటి ఒడ్డు బీడు మొత్తం, ఈ ఒడ్డు నుంచి ఆ గట్టు దాకా, పెంటయ్యకు ఇచ్చేశాడు.

ఇలాంటి కథలు సాధారణంగా అక్కడే ఆగుతాయి. రాజు నవ్వాడు, బహుమానం ఇచ్చాడు.

మంద వెళ్లిపోయింది. వాన కురిసింది. బీటిలో గడ్డి ఆ ఏడు లేచినట్టు అంతకుముందు ఎన్నడూ లేవలేదు. మోకాలు దాటి నడుము దాకా వచ్చింది. గాలికి ఒక అంచు నుంచి మరో అంచుకు వాలుతూ లేస్తూ ఉంది. నోరు పెట్టేది ఒక్కటీ లేదు. పెంటయ్య గట్టు మీద కాటమ్మ పక్కన కూర్చున్నాడు.

"రాజు నవ్వాడా?" అంది ఆమె.

"నవ్వాడత్తా."

"గడ్డీ మొలిచింది. నేనే తప్పు చెప్పానురా."

అతను ఒక గడ్డిపరక తెంపి వేళ్ల మధ్య నలిపాడు.

"బహుమానం ఏమిచ్చాడు?"

"ఈ బీడంతా ఇచ్చాడు."

కాటమ్మ ఆ పచ్చదనం వైపు చాలాసేపు చూసింది.

"అయితే కూర్చున్నావేం? దిగి మెయ్యి" అంది.