మంగతాయారు అడగని ప్రశ్న

నిడదవోలులో మంగతాయారు అనే అప్పడాల వ్యాపారస్తురాలు ఉండేది. ఊరందరినీ ప్రశ్నలతో ఊపిరాడనివ్వని ఆవిడకు డాక్టరు ఎదుట మాత్రం నోరు పెగిలేది కాదు.

అతిశయోక్తి అనుకోకండి. ఆవిడ మినప్పప్పు కొనడానికి వచ్చిందంటే కొట్టు ఆసామికి చెమటలు పట్టేవి. "ఇది ఏ ఊరి పప్పయ్యా? కొత్తదా, పాతదా? పిండి జిగురు వస్తుందా, విరిగిపోతుందా? పురుగు కనబడితే వెనక్కి తీసుకుంటావా?" అంటూ గుక్క తిప్పుకోకుండా అడిగేది. గుప్పెడు పప్పు నమిలి చూసి గానీ సంచీ విప్పేది కాదు. ఆ ఆసామి లోలోపల తిట్టుకునేవాడు గానీ, ఆవిడకు పుచ్చు పప్పు అంటగట్టే ధైర్యం చేసేవాడు కాదు.

అంతటి మనిషీ ఆసుపత్రి గడప తొక్కగానే పిల్లిలా అయిపోయేది. "డాక్టర్లంటే చదువుకున్నవాళ్ళు. వాళ్ళని ఎదురు ప్రశ్నలు వేస్తే నమ్మకం లేదన్నట్టు కాదూ? చెప్పిందానికి తలూపాలి, దణ్ణం పెట్టి రావాలి" అనేది. ఈ సిద్ధాంతం ఆవిడకు ఎవరు నేర్పారో తెలియదు. మనలో చాలామంది ఇలాగే ఉంటారు. చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆవిడ భర్త వీర్రాజు నెమ్మదస్తుడు. అప్పడాలు ఎండబెట్టడం, కట్టలు కట్టడం, భార్య మాట్లాడుతుంటే వినడం ఆయన పనులు. పెళ్ళయినప్పటి నుంచి ఆవిడ మీద గొంతు పెంచి ఎరగడు.

దీపావళికి ముందు మంగతాయారుకు ఊరికే దాహం, నీరసం మొదలయ్యాయి. పరీక్ష చేయిస్తే షుగరు అన్నారు. డాక్టరు రమాసుందరి గారు మంచావిడే గానీ, తలుపు బయట జనం కిటకిటలాడుతున్నారు. ఆవిడ గబగబా చీటీ రాస్తూ, "ఉదయం ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర. ఒక్క పూట కూడా మానకూడదు. అర్థమైందా?" అన్నారు.

"అయిందమ్మా" అని మంగతాయారు తలూపింది.

వీర్రాజు మెల్లిగా గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, చిన్న మాట. కార్తీకం వస్తోంది కదా, మా ఆవిడ సోమవారాలు..."

అంతే! మంగతాయారు ఆయన నడుం మీద ఎంత గట్టిగా గిల్లిందంటే, పాపం ఆయన మాట గొంతులోనే ఉండిపోయింది.

"ఏమిటండీ?" అన్నారు డాక్టరు గారు తలెత్తి.

"ఏం లేదమ్మా, ఆయన ధోరణి ఆయనది" అని నవ్వేసి, మంగతాయారు భర్తను బయటికి లాక్కొచ్చింది. వరండాలోకి రాగానే, "బుద్ధుందా మీకు? అంత పెద్ద డాక్టరమ్మ దగ్గర మన ఉపవాసాల గోలేమిటి? ఏమనుకుంటారు?" అని విరుచుకుపడింది.

"ఉపవాసం రోజు మాత్ర వేసుకోవచ్చో లేదో అడుగుదామని..."

"మానకూడదని చెప్పారుగా! మాత్రా మానను, ఉపవాసమూ మానను. రెండూ చేస్తాను, సరేనా?"

వీర్రాజుకు ఆ మాట మింగుడుపడలేదు. అయినా ఎప్పటిలాగే ఊరుకున్నాడు.

కార్తీక సోమవారం వచ్చింది. మంగతాయారు తెల్లారకుండానే తలస్నానం చేసి, దీపం పెట్టి, దణ్ణం పెట్టుకుంది. చెప్పినట్టే మంచినీళ్ళతో మాత్ర వేసుకుంది. ఆ తర్వాత పచ్చి మంచినీళ్ళు తప్ప ఇంకేమీ ముట్టలేదు. సాయంత్రం చుక్కలు కనబడ్డాకే భోజనం. ఎన్నో ఏళ్ళుగా ఆవిడ పాటిస్తున్న నియమం అది. కానీ ఆ ఏళ్ళలో ఎప్పుడూ షుగరు మాత్ర వేసుకోలేదు కదా!

మధ్యాహ్నం అప్పడాలు ఒత్తుతుంటే ఆవిడ చేతులు వణకడం మొదలుపెట్టాయి. అంత చల్లటి రోజుల్లోనూ జాకెట్టు తడిసేలా చెమట పట్టింది. పక్కింటి వరహాలమ్మ చూసి, "ఉపవాసమన్నాక నీరసం రాదూ? చుక్క పొడిచేదాకా ఓర్చుకో వదినా, పుణ్యం ఊరికే వస్తుందా?" అంది. కాసేపటికి మంగతాయారు చేతిలోంచి అప్పడాల కర్ర జారిపోయింది. మాట ముద్దగా వచ్చింది. పరుగెత్తుకొచ్చి పట్టుకున్న భర్త ముఖంలోకి చూసి, "నాన్నా, ఇవాళ బడికి వెళ్ళను" అంది.

వీర్రాజు వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేశాడు. నర్సు ఎత్తింది.

"షుగరు మాత్ర వేసుకున్నారా?"

"వేసుకుందమ్మా."

"ఏమైనా తిన్నారా?"

"కార్తీక సోమవారం కదమ్మా, ఏమీ తినలేదు."

"అయ్యో! షుగరు పడిపోయినట్టుంది. ప్రాణం మీదికి వస్తుంది. ఆవిడ మింగగలుగుతున్నారా?"

"ఆఁ, ఇప్పుడే మంచినీళ్ళు తాగింది."

"అయితే కూర్చోబెట్టి, పంచదార బాగా కలిపిన నీళ్ళు కొద్దికొద్దిగా తాగించండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకండి. ఆలస్యం చెయ్యకుండా ఇక్కడికి తీసుకురండి."

వీర్రాజు పంచదార నీళ్ళు కలిపి తెచ్చాడు. మంగతాయారుకు అంత అయోమయంలోనూ వ్రతం గుర్తుంది. "చుక్క... పొడవలేదు" అని ముఖం తిప్పేసుకుంది. వరహాలమ్మ అడ్డం వచ్చింది. "వ్రతభంగమండీ వీర్రాజు గారూ! మహా పాపం!"

అప్పుడు వీర్రాజు అరిచాడు. వీధి చివరిదాకా వినబడేలా అరిచాడు. "ఆ పాపమేదో నాకు తగలనీ! నా పెళ్ళాం నాకు దక్కాలి. తాగవే తాయారూ, నీకు దణ్ణం పెడతాను, తాగు!"

ఆయన కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఆ అరుపుకు బెదిరిందో, ఆ కన్నీళ్ళకు కరిగిందో, మంగతాయారు గుక్క మింగింది. ఆ వెనకే ఇంకో గుక్క. గ్లాసు ఖాళీ అయ్యేసరికి చూపు కాస్త కుదురుకుంది. వరహాలమ్మే పరుగున వెళ్ళి ఆటో పిలుచుకొచ్చింది.

ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించి, మర్నాటిదాకా కనిపెట్టి చూశారు. మంగతాయారు తేరుకుంది. డాక్టరు గారు వచ్చి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఉపవాసం ఉంటానని నాకు ఒక్క మాట చెప్పకపోయారా?"

"మీకు కోపం వస్తుందేమోనని..." అని మంగతాయారు దుప్పటి అంచు నలిపింది.

"నా కోపం కాఫీ చల్లారేలోగా పోతుందమ్మా. మీ ప్రాణం పోతే నేను తిరిగి తేగలనా?" అన్నారు డాక్టరు గారు. తర్వాత ఒక నిట్టూర్పు విడిచారు. "తప్పు మీ ఒక్కరిదే కాదు. మీ ఆయన ఏదో చెప్పబోయారు. నేను ఆగి వినలేదు. పోనీ, ఇప్పుడు అడగండి. మీకేం తెలుసుకోవాలని ఉందో అన్నీ అడగండి."

మంగతాయారు భర్త వైపు చూసింది. ఆయన అడగమన్నట్టు కళ్ళతోనే సైగ చేశాడు.

"వచ్చే సోమవారం ఉపవాసం ఉండొచ్చా అమ్మా?"

"వద్దు. ఈ కార్తీకానికి దీపం పెట్టుకోండి, గుడికి వెళ్ళండి, వేళకు తినండి. షుగరు కుదుటపడ్డాక మళ్ళీ అడగండి. అప్పుడు ఏం చెయ్యొచ్చో చూద్దాం."

"మరి మళ్ళీ చేతులు వణికితే?"

"వెంటనే పంచదార నీళ్ళు తాగండి, ఆ తర్వాత ఏదైనా తినండి, నాకు ఫోన్ చెయ్యండి. ఇదిగో, మాత్ర మారుస్తున్నాను. ఇది ఉదయం టిఫిను తిన్నాక వేసుకోవాలి."

డాక్టరు గారు చీటీ చేతికిచ్చారు. అలవాటు కొద్దీ మంగతాయారు తల సగం ఊగింది. చటుక్కున ఆగింది.

"ఉండండమ్మా. ఇది పాత మాత్రతో పాటు వేసుకోవాలా, పాతది మానేసి వేసుకోవాలా? ఇంట్లో పాతవి ఇంకా మిగిలున్నాయి."

డాక్టరు గారు ఉలిక్కిపడ్డారు. "పాతది పూర్తిగా మానేయాలి! ఆ మాట నేను చెప్పలేదూ?"

"చెప్పలేదమ్మా. అడక్కపోతే రెండూ వేసుకునేదాన్ని."

రెండు మాత్రలూ కలిసి పడితే ఏమయ్యేదో అక్కడున్న ముగ్గురికీ తెలుసు. డాక్టరు గారు చీటీ వెనక్కి తీసుకుని, 'పాత మాత్ర ఆపేయాలి' అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాశారు. "మంచి ప్రశ్న అడిగారు మంగతాయారు గారూ. నన్నూ కాపాడారు, మిమ్మల్నీ కాపాడుకున్నారు. ఇప్పుడు ఇంటికెళ్ళి ఏం చేస్తారో మీ నోటితో చెప్పండి. నేను సరిగ్గా చెప్పానో లేదో నాకూ తెలియాలి" అన్నారు.

మంగతాయారు దిండుకు ఆనుకుని కూర్చుని, గొంతు సర్దుకుని, ఒక్కొక్కటే చెప్పింది. కొత్త మాత్ర ఎప్పుడు, ఏం తిన్నాక, చేతులు వణికితే ఏం చెయ్యాలి, పాత మాత్రల సంగతేమిటి. ఒకచోట తప్పింది. "టిఫినుకు ముందు" అనేసింది. డాక్టరు గారు దిద్దారు. మళ్ళీ మొదటినుంచి తడబడకుండా చెప్పింది.

తలుపు దగ్గర ఎవరో, "డాక్టరు గారూ, బయట చాలామంది ఉన్నారండీ" అన్నారు.

"ఉండనీ, వాళ్ళ దగ్గరికీ వస్తాను" అన్నారు డాక్టరు గారు. "ఇంకేమైనా ఉందా అమ్మా?"

"ఇంకొక్కటి ఉందమ్మా" అంది మంగతాయారు, ఈసారి ఏమాత్రం జంకు లేకుండా. వీర్రాజు గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

నీతి: వైద్యుడి దగ్గర దాచుకున్న అనుమానం మన ప్రాణం మీదికే వస్తుంది, కాబట్టి మందు మింగేముందు, అర్థమయ్యేదాకా అడిగి తెలుసుకోవాలి.